చామంతికి మంజూరైన చీకటి

ఈ దేశంలో వెలుతురు పొందే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. చీకటి కావాలంటే మాత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి ఉండాలి. గాజువాక దగ్గరి సాగరదీప్తి అపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియక రోజారమణి చామంతి మొక్క పెంచింది.

ఆషామాషీ చామంతి కాదు. వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ చేను లేఅవుటు కింద పోగా మిగిలిన ఆఖరి పిలక. కార్తీక పౌర్ణమికి అమ్మ వస్తుంది. ఆ చేని పువ్వే అమ్మ కొప్పులో పెట్టాలని రోజారమణి ప్రాణం కొట్టుకుంటోంది. కానీ చామంతికి రాత్రి రాత్రిలా ఉంటేనే మొగ్గ పడుతుంది. బాల్కనీ ఎదురుగా అసోసియేషన్ వారి ఫ్లడ్‌లైటు తెల్లవార్లూ వెలుగుతుంది. (దొంగల కోసం వేశారు. దొంగలకు దారి చక్కగా కనిపిస్తోంది.)

అందుకని పొద్దు వాలగానే కుండీని బట్టల అల్మారాలోకి చేర్చడం మొదలుపెట్టింది. తలుపు సందులకు నల్లగుడ్డ అంటించింది. ఉక్కపోతకు ఆకు కుళ్లకుండా భర్త నీలకంఠం ఆటోనగర్‌లోని తన షెడ్డులో రేకు గొట్టాన్ని రెండు వంపులు తిప్పి, చిన్న ఫ్యాను బిగించి తెచ్చాడు. వంపుల్లోంచి గాలి పోతుంది, వెలుతురు రాదు. గొట్టం కోసం గోడకు కన్నం కొడుతుంటే ఆ చప్పుడుకు అధ్యక్షుడు గంగరాజు దిగారు.

“ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?”

“సామంతికి సీకటి కడతన్నాను బావా.”

అసోసియేషన్ నిబంధనల్లో చీకటి ప్రస్తావనే లేదు. ఆ లోటు తీర్చడానికి వెంటనే రెండు ఉపసంఘాలు వెలిశాయి. కన్నం తప్పనిసరి అంది గాలి ఉపసంఘం. కన్నం నిషిద్ధం అంది చీకటి ఉపసంఘం. ఎవరి గౌరవానికీ భంగం కలగకుండా, కన్నం ఉండవచ్చు గాని తెరిచి ఉండరాదని తీర్మానించారు. లోపలి చీకటి నాణ్యత పరిశీలించడానికి సింహాద్రి గారిని తనిఖీ అధికారిగా వేశారు. ఆయన రోజూ భోజనం కాగానే టార్చి పట్టుకుని వచ్చి అల్మారా తెరిచేవారు.

“లైటు కొడితే మొగ్గ పడదండి,” అంది రోజారమణి, కుండీకి కొంగు అడ్డం పెడుతూ.

“లైటు కొట్టకపోతే సీకటి ఎలా కనపడతాదమ్మా?”

తాను చూసినప్పుడల్లా లోపల వెలుతురే ఉందని ఆయన నిజాయితీగా నివేదించారు. అల్మారాకు సీలు పడింది. కుండీ మళ్లీ బాల్కనీ చేరింది.

ఆ వారమే ఫ్లడ్‌లైటు మాడిపోయింది. కొత్తది కొనాలంటే పాతది వెలగడం లేదని ముందుగా నిర్ధారించాలి కదా. పగలు చూడాలని ఒక ఉపసంఘం, రాత్రి చూడాలని ఇంకొకటి భీష్మించుకుని కూర్చున్నాయి. ఈలోగా రెండు నెలలు గడిచాయి. బాల్కనీ నిండా చిక్కటి చీకటి, పైగా సముద్రపు గాలి. చామంతి విరగబూసింది. రోజారమణి పట్టలేని సంతోషంతో నీలకంఠాన్ని వంటింట్లో గిర్రున తిప్పేసింది, చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మరిచి.

పౌర్ణమి నాడు అమ్మ కొప్పులో పసుపుపచ్చని పువ్వు పెట్టింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని తడిమి తడిమి చూసుకుంది.

“మన సేని వాసనేనే అమ్మీ,” అంది కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం, పాత లైటు వెలగడం లేదని ఎట్టకేలకు నిర్ధారణ కావడంతో, గంగరాజు బుట్ట పట్టుకుని వచ్చారు. “కామన్ ఏరియా సీకట్లో పూసినాయి గదమ్మా. కొత్త లైటుకి దండెయ్యాల.”

కొప్పులోది తప్ప అన్నీ కోసుకుపోయారు. పాతదానికి రెండింతలున్న కొత్త లైటు చామంతి దండతో వెలిగింది. చీకటి కావలసినవారు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చనీ, దానికి చీకటి నమూనా ఒకటి జతపరచాలనీ అధ్యక్షుడు ఆ వెలుగులో ప్రకటించారు.