కొండకిందపాళెంలో పెరిగిన జనాభా

ఉదయగిరి కొండ పక్కనున్న కొండకిందపాళెం జనాభా మంగళవారం దాకా రెండు వందల పన్నెండు. బుధవారం సాయంత్రానికి అది రెండు వేల తొమ్మిది వందలు దాటిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఊళ్లో కాన్పులేమీ జరగలేదు. ట్యాబ్ వచ్చింది, అంతే.

సమాచార సాంకేతికతతో పల్లెలను ఉద్ధరించే ‘పల్లెదీపం’ పథకం వారి ట్యాబ్ అది. వింజమూరు పిల్ల ఏంజెలిన్ దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. రాజధానిలో ఒక విద్వాంసుడు ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగు చేస్తూ, ‘ఇంట్లో జీవించేవారు’ అనాల్సిన చోట అక్షరాలు పొదుపు చేసి ‘ఇంట్లో జీవాలు’ అన్నాడు. ఈ వైపు జీవాలంటే గొర్రెలూ మేకలే తప్ప మరొకటి కాదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోవడం ఆయన తప్పు కాదు. ఏ గొర్రె కూడా ఆయన కంప్యూటరు ముందుకొచ్చి చెప్పలేదు.

గొర్రెల వ్యాపారి మాలకొండయ్య ఏ మాటనైనా తూకం వేసుకునే చెప్పే మనిషి.

“జీవాలు ఎన్ని ఉండాయి పెదనాయనా?”

“అరవై నాలుగు పాపా. మూడు చూలుతో ఉండాయి, ఆ ముక్క కూడా రాసుకో.”

ఒక్కొక్కదాని ముఖం ఫొటో తీయమంది ట్యాబ్. ఏంజెలిన్ తీసింది. ఆడ అరవై, మగ నాలుగు. చదువు లేదు, మద్యం అలవాటు లేదు. గొర్రెకు మద్యం సంగతెందుకని ఆ పిల్లకు అనుమానం రాకపోలేదు. కానీ తెర మీద పచ్చగుర్తు పడింది. మూడు రోజుల శిక్షణలో పచ్చగుర్తును అనుమానించమని ఎవరూ చెప్పలేదు.

“నన్నూ నా పెండ్లాం మస్తానమ్మనూ రాసుకోవా?” అన్నాడు మాలకొండయ్య.

“మనుషుల్ని అడగలేదు పెదనాయనా ఇది.”

అలా అరవై నాలుగు గొర్రెలు పౌరులయ్యాయి. వాటి యజమాని ఎందులోనూ లేకుండా పోయాడు. ఊరంతటా ఇదే జరిగింది.

ఇంతలో కొండ మీద మబ్బు కమ్మడం మొదలైంది. తొలివానకు మొలిచిన లేతగడ్డిని ఆబగా మేస్తే గొర్రెకు చిటుకు రోగం పట్టుకుంటుంది. పొద్దున మేసింది సాయంత్రానికి ఉండదు. వానకు ముందే టీకా పడాలి. మాలకొండయ్యకు పొలం లేదు, కొట్టు లేదు. ఆయనకున్నదంతా ఆ నాలుగేసి కాళ్ల మీదే నిలబడి ఉంది.

ఉదయగిరి పోయి పశువుల డాక్టరు పెంచలప్రసాద్‌ను అడిగాడు.

“మీ ఊళ్లో ఒక్క జీవం కూడా లేదంటుందయ్యా సిస్టమ్. ఒక్కటన్నా ఉంటేనే టీకా బండి కదులుతుంది.”

“ఏంది సార్, ఇదేంది మరి?” భుజం మీది గొర్రెను బల్ల మీద దించాడు మాలకొండయ్య.

“నాకు కనబడతానే ఉంది. దానికి కనబడాలి కదా!”

ఆ వారమే ఆత్మకూరులో సన్మాన సభ. పథకం డైరెక్టరు వరప్రసాదం గారు శాలువా సర్దుకుని ప్రసంగించారు. “ఒక్కరూ మద్యం ముట్టని ఊరు! ఒక్క మగవాడికి పదిహేను మంది ఆడవారు! ఆడబిడ్డను కాపాడుకోవడమంటే ఇదీ! మా సేవలపై అభిప్రాయం అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. మౌనంగా ఉన్నవారందరినీ సంతృప్తి చెందినవారుగా నమోదు చేశాం!”

“అయ్యా, అయి గొర్రెలు!” అని జనంలోంచి అరిచాడు మాలకొండయ్య.

“సొంత ఊరి ఆడపడుచులను అలా కించపరచకూడదు పెద్దాయనా,” అన్నారు డైరెక్టరు గారు బాధగా. చప్పట్లు మోగాయి. వేదిక దిగాక మాత్రం ఆయన దయతో వివరించారు. పౌరుల జాబితా నుంచి పేరు తీయాలంటే రెండే కారణాలు చెల్లుతాయట, మరణం లేదా వలస. మాలకొండయ్య తూకం వేశాడు. చచ్చినదానికి టీకా ఎవరేస్తారు? ఊరు విడిచినదానికి మాత్రం ఎవరేస్తారు? రెండు బేరాలూ నష్టమే.

ఇంటికొచ్చి ఏంజెలిన్‌ను పిలిపించాడు. ట్యాబ్‌లో ‘పశుసంపద’ అనే గడి ఖాళీగా ఉంది. అందులో గొర్రెను చేర్చబోతే, ‘ఈ ముఖం ఇదివరకే కుటుంబ సభ్యురాలు’ అని ఎర్రగా వచ్చింది. ఇంకో గొర్రె, అదే మాట. పక్క ఊరి గొర్రెను అరువు తెచ్చారు. అది కూడా ఎప్పుడో పౌరురాలైపోయింది.

“రాయని ముఖం కావాలి పెదనాయనా.”

మాలకొండయ్య తలపాగా తీసి ఎదుట కూర్చున్నాడు. “అయితే నాది తియ్యి.”

ట్యాబ్ ఆయన్ను ఎగాదిగా చూసి పచ్చగుర్తు వేసింది. పొట్టేలు, ఒకటి.

“ముప్పై ఏండ్ల నుంచి నేను చెప్తానే ఉండా, ఇప్పటికి మిషనుకు తెలిసినాది,” అంది మస్తానమ్మ, జొన్నలు చెరుగుతూ.

మూడో రోజున టీకా బండి గుమ్మం ముందుకొచ్చింది. పెంచలప్రసాద్ అరవై నాలుగింటికీ సూదులు వేశాడు. నమోదైన పొట్టేలుకు కూడా వేయాలని నియమం. దానికి మాత్రం వేసినట్టు రాసుకున్నాడు. నాలుగో రోజు వాన కురిసింది. లేతగడ్డి మొలిచినా ఒక్క గొర్రె కూడా పడలేదు.

వారం తర్వాత ఏంజెలిన్ పరుగున వచ్చింది. “పెదనాయనా, నిన్ను మళ్లీ మనిషిగా మార్చే ఆప్షన్ వచ్చినాది!”

“జీవాన్నయితే డాక్టరు ఇంటికొచ్చినాడు. మనిషినైతే ఏమొస్తాదో చూడు పాపా.”

ఆ పిల్ల వేలితో తెరను కిందికి జరిపింది. ఇంకా జరిపింది. “లోడవతా ఉండాది.”

“అయ్యేదాకా ఇట్నే ఉంటాలే.”

మర్నాటికి ఊరంతా ‘పశుసంపద’ గడిలో ఎక్కడానికి పల్లెదీపం కేంద్రం ముందు వరస కట్టింది. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, ఎవరూ అదిలించకుండానే. యంత్రం ఒక్క ముఖాన్నీ కాదనలేదు. ఇతర మండలాల వారు, పట్నవాసులు కూడా రావచ్చునని ప్రకటించారు. కార్డులేవీ అక్కర్లేదు. ముఖం చాలు.