గేటు తెరిచే తాడు

ఆ ఉదయం పథకం చిన్నదే. అక్క వచ్చేలోగా తాడు కట్టెయ్యాలి, అంతే.

చిన్నప్పుడు అతను కనిపెట్టిన తాడు అది. వంటింటి కిటికీలోంచి లాగితే ఇంటి ముందు గేటు గొళ్ళెం ఊడేది. సాయంత్రం బయట నాన్న సైకిలు బెల్లు కొట్టడం, లోపల ఇతను తాడు లాగడం, గేటు కిర్రుమనడం, "వీడిది బుర్ర కాదు, కార్ఖానా" అంటూ నాన్న మురిసిపోవడం. అలా ఇంట్లో అతని పేరు బుర్ర అయింది. తర్వాత పెద్ద ఇంజనీరై పదిమందికీ సలహాలిచ్చేవాడయ్యాడు గానీ, అమ్మా నాన్నా పోయాక ఆ పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. ఆ పిలుపు మళ్ళీ ఆ గేటు దగ్గరే వినాలని అతని ఆశ.

"లాగు!" వరండాలోంచి అరిచాడు. వంటింట్లో భార్య లాగింది. గేటు ఉలకలేదు, పలకలేదు.

మామూలు మనిషైతే అక్కడితో ఊరుకునేవాడు. తెలివి ఎక్కువైనవాడికి ఆ సుఖం లేదు. రాపిడి ఎక్కువైందని తాడుకి కొవ్వొత్తి రుద్దాడు. బలం చాలలేదని నీళ్ళ బకెట్టు వేలాడదీశాడు. బకెట్టు గోడకి తగులుతోందని తాడును వంటింటి తలుపు మీదుగా తిప్పాడు.

"పొయ్యి మీద పాలున్నాయండీ! చేత్తో తీస్తే పోయేదానికి..."

"చిన్నప్పుడు పనిచేసింది ఇప్పుడెందుకు చెయ్యదు? లాగు!"

లాగింది. బకెట్టు తిరగబడి వరండా చెరువైంది, అతను నిలువునా తడిశాడు. వంటింటి తలుపు దభాలున మూసుకుని బయట గడియ పడిపోయింది. లోపల పాలు పొంగాయి. గేటు గొళ్ళెం మాత్రం ఇంకాస్త బిగిసింది.

సరిగ్గా అప్పుడే గేటవతల సంచితో అక్క ఆటో దిగింది. తాడునీ తమ్ముణ్ణీ చూసి పగలబడి నవ్వింది.

"ఒరేయ్ బుర్రా! మళ్ళీ ఆ తాడేనా? అదెప్పుడు పనిచేసిందిరా?"

"రోజూ చేసేది కదక్కా!"

"నీ మొహం. వంటింట్లోంచి నీకు గేటు కనబడితేగా! నువ్వు తాడు పట్టుకోగానే అమ్మ పెరటి గుమ్మంలోంచి చుట్టూ పరుగెత్తుకొచ్చి గొళ్ళెం తీసేది. అమ్మకి జ్వరమొస్తే నేను పరుగెత్తేదాన్ని. అందాకా నాన్న బెల్లు కొడుతూ నిలబడేవాడు."

రోజూ ఆ వేళకి అమ్మ ఎందుకు ఆయాసపడుతుండేదో అంత బుర్రకీ ఒక్కనాడూ తట్టలేదు. అతనికి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, అమ్మ మీద బెంగ పుట్టుకొచ్చింది.

"ఏమండీ, ఇంకోసారి లాగనా?" మూసిన తలుపు వెనకనుంచి భార్య అడిగింది.

"లాగు," అన్నాడు. తడి వరండాలో జారుతూ పరుగెత్తి, గొళ్ళెం పీకి గేటు తీశాడు.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది!"

యంత్రం ఎప్పటిలాగే భేషుగ్గా పనిచేసింది.