వినని పాటకు వన్స్‌మోర్

గత మూడు దశాబ్దాలలో వెలువడిన పాటల ఆల్బములలో సర్వోత్తమమైనది ఏదన్న విషయాన్ని పౌరులు ఇకమీదట ఎవరికి వారు తేల్చుకోరాదనీ, అందుకోసం ఒక నిర్ధారణ సంఘం ఏర్పడిందనీ, సంఘం తీర్పు వెలువడేవరకు ఏ ఆల్బమునూ బహిరంగంగా మెచ్చుకోకుండా సంయమనం పాటించాలనీ పురమందిరం గోడకు ప్రకటన అంటించారు. కింద సంతకం రిటైర్డ్ రిజిస్ట్రారు గారిది. జీవితమంతా పరుల స్థలాలకు హద్దులు రాసిన మనిషి కనుక సంగీతానికి హద్దులు గీయడానికి కూడా ఆయనే తగునని అందరూ ఒప్పుకున్నారు.

సంఘం అవసరం ఊరికే రాలేదు. పళ్ళ డాక్టరుగారు మొదటి దశాబ్దం పక్షం. తనకు నచ్చిన ఆల్బమును ఆయన రోజంతా ఆసుపత్రిలో మోగిస్తారు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాళ్ళెవరూ దాన్ని ఇంతవరకు కాదనలేదు కాబట్టి అదే సర్వజనామోదం పొందిందని ఆయన వాదం. లెక్చరరుగారిది చివరి దశాబ్దం. పదిమందికి నచ్చిందంటే అందులో ఏదో లోపం ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. ఈ ఇద్దరి పిల్లలకూ పెళ్ళి మాటలు జరిగాయి. అబ్బాయికి అమ్మాయి నచ్చింది, అమ్మాయికి అబ్బాయి నచ్చాడు, ఆడపడుచులకు కూడా అందరూ నచ్చారు. పెళ్ళిలో ఏ ఆల్బమ్ మోగించాలన్న దగ్గర కాబోయే వియ్యంకులకు మాట పట్టింపు వచ్చి సంబంధం తప్పిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమే పెద్దరికమని కదా మనం నేర్చుకున్నది.

మరి ఈ ఇద్దరూ ఉన్న సంఘంలో తటస్థుడు ఒకడుండాలి. అంటే ఏ అభిప్రాయమూ లేని మనిషి. ఊరంతా గాలించగా అటువంటివాడు ఒక్కడే దొరికాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. అద్దం తొడిగి "ఇది బాగుందా, అది బాగుందా?" అని ఎదుటివాళ్ళను అడగడమే తప్ప తనకేది బాగుందో ఆయన జన్మలో చెప్పి ఎరగడు. ఇంట్లో కూడా అంతే. భార్య "ఏం వండమంటారు?" అంటే "నీ ఇష్టం" అనేవాడు. ఆమె దాన్ని ప్రేమనుకుంది కొన్నాళ్ళు. తరవాత అనుకోవడం మానేసింది.

సంఘం సమావేశాల్లో పద్ధతి సులువు. సభ్యులలో ఏ ఒక్కరు ఆక్షేపించినా ఆల్బమ్ కొట్టుబడిపోతుంది. విన్నవాళ్ళకు ఆక్షేపణలు ఉంటాయి కనుక విన్న ఆల్బములన్నీ వరసగా కొట్టుబడిపోయాయి. ఇక జాబితా ఖాళీ అయిపోయిందనుకున్న రోజున పళ్ళ డాక్టరుగారు పాత సామాన్ల దుకాణంలో దొరికిన క్యాసెట్ అట్ట ఒకటి బల్లమీద పెట్టారు. అట్ట మాత్రమే, లోపల క్యాసెట్ లేదు. మీద నలుగురు కుర్రాళ్ళ ఫొటో, వెనక ఎనిమిది పాటల పేర్లు.

"ఇది ఎవరైనా విన్నారా?" అని డాక్టరుగారు మామూలుగానే అడిగారు.

లెక్చరరుగారికి తెలియదని చెప్పే అలవాటు లేదు. "విన్నారా అంటారేంటండీ? దీన్ని వినకుండా పాటల గురించి మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారా?" అన్నారు.

తెచ్చిన మనిషే వినలేదంటే ఏం బాగుంటుంది? "నేనూ అదే కదా అంటున్నది," అన్నారు డాక్టరుగారు.

రిజిస్ట్రారుగారు అట్ట తిప్పి, పేర్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ రెండో పాట వింటే ఇప్పటికీ మా నాన్నగారు గుర్తొస్తారు నాకు," అన్నారు. గొంతు నిజంగానే బొంగురుపోయింది.

కళ్ళజోళ్ళాయన మాత్రం ఆ ఫొటో వైపు చూస్తూ ఉండిపోయాడు. ముందు వరసలో జుట్టు ఎగరేసుకుని నిలబడ్డవాడు తనే. ఇప్పుడా జుట్టు లేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అభిప్రాయం లేని మనిషికి కూడా అహం ఉంటుంది కదా. "ఆ ముందున్నది నేనేనండీ," అని అనేశాడు. అందరూ లేచి నిలబడ్డారు. సర్వోత్తమ ఆల్బమ్ ఏకగ్రీవంగా తేలిపోయింది. తప్పిపోయిన సంబంధం కూడా ఆ సాయంత్రమే మళ్ళీ కలిసింది.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న విషయం విన్నవించాలి. ఆ ఆల్బమ్‌లో పాటలు లేవు. ఎప్పుడూ లేవు. నలుగురు స్నేహితులూ కలిసి ముందు అట్ట అచ్చేయించుకుంటే పాటలు వాటంతట అవే వస్తాయనుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అట్ట వచ్చాక ఫొటోలో ముందు ఎవరున్నారన్న దగ్గర తగువు పడి నలుగురూ విడిపోయారు. ఒక్క పాట రాయలేదు, ఒక్క రాగం కట్టలేదు. మిగతా విషయాల్లో మాత్రం అది సంపూర్ణమైన ఆల్బమ్.

కళ్ళజోళ్ళాయన ఇంటికి వెళ్ళేసరికి వార్త ముందే చేరింది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చుట్టాలొస్తే తప్ప తీయని కప్పులో టీ ఇచ్చింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆమె తనను నిదానంగా, కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంటే ఆయనకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఊరిని మోసం చేయొచ్చు. ఊరు అందుకు సిద్ధంగానే ఉంటుంది. ఈమెను ఎలా చేయడం?

"నీకో మాట చెప్పాలి. అందులో పాటల్లేవు. అట్ట ఒక్కటే వేశాం," అన్నాడు.

ఆమె నవ్వింది. "ఇంత వయసొచ్చినా మీకా మొహమాటం పోలేదు. మా అక్కవాళ్ళింట్లో రోజూ పెట్టేవాళ్ళండీ. మీదని తెలీక ఊరుకున్నాను గానీ."

"ఎలా పెడతారే, లేనిది?"

"టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆయన టీ తాగేశాడు. ఇంట్లో నమ్మనప్పుడు సంఘం తలపెట్టిన సన్మానంలోనైనా చెబుదామనుకున్నాడు. సన్మానసభ ఘనంగా జరిగింది. లెక్చరరుగారు ఒక్కో పాట పేరూ చదువుతుంటే జనం చప్పట్లు కొట్టారు. అయిదో పాట పేరుకు వెనక వరసల్లోంచి వన్స్‌మోర్ అన్నారు. లెక్చరరుగారు ఆ పేరు మళ్ళీ చదివారు. చివరికి కళ్ళజోళ్ళాయన మైకు పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఉన్నమాట చెప్పాడు. "అయ్యా, ఇందులో పాటల్లేవండీ. మేమసలు పాడలేదు."

లెక్చరరుగారు మైకు అందుకున్నారు. "విన్నారు కదా. అవి పాటలు కావంటున్నారు. ఎలా అవుతాయి? అవి ప్రాణాలు. వాటిని తాము పాడలేదంటున్నారు. కాలమే పాడింది. ఇంత వినయం ఈ మూడు దశాబ్దాల్లో ఇంకెక్కడైనా చూశారా?" జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రిజిస్ట్రారుగారు శాలువా కప్పి, చెవిలో "మీరు ఎక్కువ మాట్లాడకండి, గాంభీర్యం చెడుతుంది," అన్నారు.

నిజం నిప్పులాంటిదంటారు. కప్పిపుచ్చితే దాగదట. ఇక్కడ దాన్ని వెలికి తీసి ఊరంతా తిప్పినా ఎవరికీ వేడి తగల్లేదు. పోనీ, అబద్ధాన్నే నిజం చేద్దామని ఆయన నిశ్చయించుకున్నాడు. ఊరి కోసం కాదు. భార్య తనను చూసిన చూపు తనది కావాలి, ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నది కాకూడదు. విడిపోయిన స్నేహితులను వెతికి పట్టుకున్నాడు. ముగ్గురూ వచ్చారు, ముందు ఎవరు నిలబడాలన్న తగువు లేకుండానే. ముందు నిలబడే ఓపిక ఎవరికీ లేదు. దుకాణం కట్టేశాక రోజూ గొంతు సాధన చేశాడు. ఆ ఎనిమిది పేర్లకూ ఎనిమిది పాటలు కట్టారు. రికార్డింగ్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడో పాట విన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగుంది. ఎవరినీ అడక్కుండానే బాగుందనిపించింది. జీవితంలో ఆయనకు కలిగిన మొదటి అభిప్రాయం అది.

కొత్త ఆల్బమ్ వచ్చింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"మొదటిదాంట్లో ఉన్న నిజాయితీ ఇందులో లేదండీ," అన్నారు లెక్చరరుగారు. పళ్ళ డాక్టరుగారు కుర్చీలో ఉన్న రోగికి వినిపించి చూస్తే ఆ మనిషి నోరు మూసుకున్నాడట. రిజిస్ట్రారుగారు రెండో పాట పూర్తిగా విన్నా తమకు ఎవరూ గుర్తు రాలేదని విచారంగా నమోదు చేయించారు. అమూల్యమైన ప్రజాసంపదను సొంత సృష్టికర్తే పాడుచేయడం తగదనీ, ఆయన ఇకమీదట పాడకుండా తగు చర్యలు తీసుకోవాలనీ తీర్మానించి, ఆ తీర్మానాన్ని కూడా శాలువాతోనే అందజేశారు. ఇదే అదనుగా ఊళ్ళో కుర్రాళ్ళు అట్టలు అచ్చేయించుకోవడం మొదలుపెట్టారు. రాబోయే దశాబ్దపు సర్వోత్తమ స్థానానికి ఇప్పటికే గట్టి పోటీ ఉందని వినికిడి.

వీటికేమీ ఆయన బాధపడలేదు. ఒక్క మనిషి వింటే చాలనుకున్నాడు. భార్య ఎదురుగా కూర్చుని ఎనిమిది పాటలూ ఓపిగ్గా విన్నది. అయ్యాక చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"బాగానే పాడారు."

"మరి?"

"ఏం లేదు. అప్పట్లో మీ గొంతులో ఏదో ఉండేదండీ. ఇప్పుడు లేదు. బాధపడకండి, వయసు కదా."

ఆయన బాధపడ్డాడు. లేని గొంతుతో పోటీపడి ఓడిపోయినవాడు ఇంకేం చేస్తాడు? క్యాసెట్ తీసి బీరువాలో పెట్టేసి దుకాణానికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు, ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన పేపరు చదువుకుంటుంటే వంటింట్లోంచి పాట వినిపించింది. భార్య గిన్నెలు తోముతూ తనలో తను పాడుకుంటోంది. ఆయన పేపరు పక్కన పెట్టాడు. తను కట్టిన బాణీ అది. రికార్డింగ్ గదిలో తన కళ్ళు తడిపినది. చరణం దగ్గర తను తీసుకోలేకపోయిన మలుపును ఆమె తేలిగ్గా తీసుకుంటోంది.

ఆయన వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎక్కడిదా పాట?"

"భలేవారే. మీ పాట మీకే తెలీదా? మీ పాత ఆల్బమ్‌లోదే. కొత్తదాంట్లో దీన్నే కదా పాడుచేశారు."

ఆయన నోటిదాకా చాలా మాటలొచ్చాయి. ఇన్నాళ్ళ తరవాత మొదటిసారిగా తనకొక అభిప్రాయం ఉంది, దానికి సాక్ష్యమూ ఉంది, ఎదుట మనిషీ ఉంది. ఆమె చేతులకు సబ్బు నురగ, ముఖం నిండా పాట.

"అవును, పాడుచేశాం," అన్నాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు పాడు, వింటాను."

మూడు దశాబ్దాల సర్వోత్తమ ఆల్బమును, వినలేదని ఒప్పుకున్నవాడొకడు, ఆ విధంగా కూర్చుని విన్నాడు. మిగతా మనమందరం ఎప్పుడో వినేశాం కదా.