రెండు తెరలు, ఒక గొట్టం

2011లో ఒక శనివారం పొద్దున చక్రపాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి, గ్యారేజీలోకి వెళ్లాలి, భోజనాల వేళలోపు రెండు తెరల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. అంతే. ఆ మాత్రం పనికి రెండేళ్లు పట్టిందంటే ఎవరూ నమ్మరు, ఒక్క అతని భార్య కనకదుర్గ తప్ప.

అమెరికాలో, చాండ్లర్ ఊళ్లో వారమంతా చిప్పులు డిజైన్ చేసే చక్రపాణి, ఆరేళ్లుగా ఇంటి గ్యారేజీలో రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. తోక అయింది, ఇంజను అయింది, ఒక రెక్క కూడా బిగించాడు. వేగం, ఎత్తు, దిక్కు చూపించే ఎలక్ట్రానిక్ తెర దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని సందేహాలు రాలేదు మహానుభావుడికి. ఈలోగా కనకదుర్గ కారు ఆరు ఎండాకాలాలు అరిజోనా ఎండలో మాడింది. స్టీరింగ్ పట్టుకోవాలంటే ఆవిడకి మసిగుడ్డ కావాలి.

"ఏవండీ, ఇవాళ లంచ్ లోపల డిసైడ్ చేయండి. లేకపోతే మీ విమానాన్ని బయటికి తోసి నా కార్ లోపల పార్క్ చేస్తా," అంది.

కనకదుర్గ అన్నదంటే చేస్తుంది. ఆరేళ్ల కల ఎండపాలవుతుందని చక్రపాణి కాఫీ సగంలోనే వదిలి గ్యారేజీలోకి పరుగెత్తాడు.

ట్రయల్‌కి తెచ్చిన తెరలు రెండూ సిద్ధంగా ఉన్నాయి. విమానం రెక్క కింద ముందుకు చూస్తూ వేలెడు గొట్టం ఒకటుంటుంది. ఎదురుగాలి అందులో దూరితే తెర మీద వేగం కనబడుతుంది. ఆ గొట్టానికే రెండు తెరలూ కలిపి, ఎండుటాకులు ఊడ్చే బ్లోయర్‌తో గాలి కొట్టాడు. మొదటి తెర సున్నా అంది. రెండోదీ సున్నాయే అని, కింద ఎర్రగా ఏదో మెసేజ్ చూపించింది. చక్రపాణి అలవాటుగా ఓకే నొక్కేశాడు.

"ఓరి దేవుడా, రెండూ డెడ్డా!" అంటూ సాఫ్ట్‌వేర్ మిత్రులిద్దరికీ ఫోన్ చేశాడు. రఘుది మొదటి తెర పార్టీ, ఉదయ్‌ది రెండో తెర పార్టీ. ఇద్దరూ పావుగంటలో వచ్చి వాలారు.

"అన్నా, ముందు రీస్టార్ట్ కొట్టు," అన్నాడు రఘు.

"రీస్టార్ట్ ఏంట్రా, అప్‌డేట్ చేయాలి," అన్నాడు ఉదయ్.

రీస్టార్ట్ చేశారు. సున్నా. అప్‌డేట్ చేశారు. మళ్లీ సున్నా, మళ్లీ ఎర్ర మెసేజ్. ఈసారి ఉదయ్ ఓకే నొక్కాడు. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ కలిపారు. ఫలితం లేదు. "గాలి సరిపోతలేదన్నా," అని తేల్చిన రఘు, ఇంటికెళ్లి ఇంకా పెద్ద బ్లోయర్ పట్టుకొచ్చాడు.

రెండు బ్లోయర్లూ కలిసి హోరెత్తించాయి. సున్నాలు కదల్లేదు గానీ, గ్యారేజీ బయట డ్రైవ్‌వే మీద గలగలా ఎండిన గుమ్మడి వడియాలు కింద పరిచిన పంచెతో సహా లేచి, గోడ దాటి, పక్కింటివాళ్ల స్విమ్మింగ్ పూల్‌లో దిగాయి. ఆరేళ్లలో ఆ ఇంటి నుంచి గాల్లోకి ఎగిరినవి అవే.

"నా వడియాలు!" కనకదుర్గ గరిటెతో సహా వచ్చింది. "చాలు మీ టెస్టింగు. తోయండి బయటికి, ఇప్పుడే!"

రఘు, ఉదయ్ భయపడి రెక్క మీద చేయి కూడా వేశారు. చక్రపాణికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దుర్గా, ఒక్క ఛాన్స్. లాస్ట్."

ఆ మొహం చూసి ఆవిడ గరిటె దించింది. బ్లోయర్ మోగింది. సున్నా, సున్నా, ఎర్ర మెసేజ్. ఓకే మీదికి వెళ్తున్న మొగుడి వేలు పట్టుకుని ఆపింది కనకదుర్గ.

"ఇది చదివారా?"

"వార్నింగ్ వదినా, అవి వస్తూనే ఉంటాయి," అన్నాడు ఉదయ్.

"గాలి రావట్లేదు, గొట్టం చెక్ చేయండి అని రాసుంది. ముగ్గురు ఇంజనీర్లున్నారు, ఒక్కరికీ చదవడం రాదా?"

ఆవిడే వంగి గొట్టంలోకి చూసింది. అంతే, గొంతులో జోరు తగ్గింది.

"అయ్యో రామా..."

కొత్త వస్తువులు కదా అని పొద్దున్నే తెరలకి కుంకుమ బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి పూజ చేసింది. అగరువత్తి గుచ్చడానికి ఆ గొట్టం కన్నమే కొలిచినట్టు సరిపోయింది. తీసేటప్పుడు పుల్ల విరిగి లోపలే ఉండిపోయింది, ఆవిడ గమనించలేదు.

"అరటిపండుకి గుచ్చేదాన్ని. ఇంట్లో లేవు. నిన్న తెమ్మన్నాను, తెచ్చారా?"

తప్పు మళ్లీ చక్రపాణిదే అయింది.

చిన్న పట్టకారుతో పుల్ల లాగి గాలి కొడితే రెండు తెరలూ టక్కున ఎనభై చూపించాయి. గంధం వాసన కూడా వచ్చింది. చక్రపాణి సంతోషం అర నిమిషమే.

"రెండూ సేమ్! మరి ఏది తీసుకోవాలి?"

"గొట్టం చూసుకోమని మొత్తుకున్నదాన్ని బిగించండి. మీరు వినకపోయినా చెప్తూనే ఉంది, పాపం. దాని కష్టం నాకు తెలుసు," అంది కనకదుర్గ. రఘు కూడా రెండో తెర పార్టీలో చేరిపోయాడు. రెండేళ్ల సమస్య రెండు నిమిషాల్లో తేలింది.

వడ్డిస్తూ ఆవిడే అంది: "ఇన్నాళ్లు మాడింది, కార్ ఇంకొన్నాళ్లు ఎండలో ఉంటుందిలెండి. కానీ పక్క సీట్‌లో ఫస్ట్ ఎక్కేది నేనే." చక్రపాణి ఆ ఆనందంలో ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూడు నెలలకి విమానాల ఇన్‌స్పెక్టర్ వచ్చి, విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, అంతా బాగుందని తలూపి, ఎగిరేముందు సరిచూసుకోవడానికి చక్రపాణి రాసిపెట్టుకున్న జాబితా తెరిచాడు. అందులో మొదటి లైను: "ఇంట్లో అరటిపళ్లు ఉన్నాయా?"