తెర వెనక ఉస్తాదు

ఆ పొద్దున ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గాజు సీసాల లోడుతో ఉన్న లారీని కొండ దారి దాటించి, చీకటి పడేలోగా అవతలి ఊరి గోడౌను ముందు ఆపాలి. అంతే. దానికి అడ్డం ఒక్కటే: పక్క సీట్లో కూర్చున్న మొగుడు.

లారీల వాళ్ళంతా ఆయన్ని ఉస్తాదు అంటారు. స్టీరింగు పట్టుకునే జుట్టు నెరిపించుకున్న మనిషి. భార్యకు బండి నేర్పిందీ ఆయనే, కాదనకూడదు. కానీ నేర్పడం అయిపోయిందన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. గేరు మారిస్తే "అది గేరు కర్ర, రోకలి కాదు" అంటాడు. బ్రేకు తొక్కితే "చీమను తొక్కుతున్నావా, బ్రేకు తొక్కుతున్నావా?" అంటాడు. తొక్కకపోతే "బ్రేకనేది ఒకటుంటుంది, గుర్తుందా?" అంటాడు. చెవిలో జోరీగ అంటారే, అదే నయం. దానికి డ్రైవింగు రాదు.

పైగా ఈ ట్రిప్పు ఆమెకు పరీక్ష. ఓనరు ముందే చెప్పేశాడు. "ఒంటరిగా నడపగలదని ఉస్తాదు ఒక్క మాటంటే మీకో బండి ఇచ్చేస్తానమ్మా. అనకపోతే మళ్ళీ ఆఫీసులో బిల్లులు రాసుకోవడమే." ఆ బిల్లుల బల్ల కిటికీ పక్కనే ఉంటుంది. వెళ్ళే లారీలన్నీ ఆ కిటికీలోంచి కనిపిస్తాయి. వాటిని చూస్తూ కూర్చున్న ఏళ్ళు ఇక చాలనిపించాకే ఆమె లైసెన్సు తీసుకుంది.

అందుకే బండి తీసే ముందే తేల్చేసింది.

"ఇదిగో చూడండి. ఇవాళ నేను నడిపినంతసేపూ మీరు వెనక పడుకోవాలి. నోరు మెదపకూడదు. దగ్గకూడదు కూడా."

"దగ్గొస్తే?"

"మింగండి."

"బండి లోయలో పడుతున్నా మాట్లాడకూడదా?"

"పడ్డాక మాట్లాడుకుందాం."

ఉస్తాదుకు రోషం పొడుచుకొచ్చింది. "సరే! నా నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడితే ఒట్టు. కొండెక్కాక తెలుస్తుందిలే నీ డాబు!" అంటూ బూట్లు విప్పి, సీటు వెనక ఉన్న పడక ఎక్కి, తెర సర్రున లాగేసుకున్నాడు. దూరం వెళ్ళే లారీల్లో అలాంటి పడక ఒకటుంటుంది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు అక్కడ నడుం వాలుస్తారు.

కొండ మొదట్లో లారీలు ఆగే చోట ఆమె కూడా ఆపింది. దిగి, సుత్తితో టైర్లు ఒక్కొక్కటే కొట్టి చూసుకుంటోంది. సరిగ్గా అప్పుడే రెండో వైపు తలుపు తెరుచుకుని, రబ్బరు చెప్పులతో ఉస్తాదు పిల్లిలా దిగాడు. రోడ్డు పక్కన సెలూను కనిపించింది. గడ్డం మాసింది. ఈవిడ టైర్లకు నలుగు పెట్టి స్నానం చేయించేలోగా గీయించుకుని వచ్చేయొచ్చని ఆయన లెక్క. చెప్పి వెళ్ళొచ్చు కదా అంటారా? ఎలా చెబుతాడు? నోరు మెదపనని ఒట్టు పెట్టుకున్నాడాయె!

ఆమె మాత్రం ఆ రోజు చకచకా ముగించుకుని బండెక్కింది. తెర మూసే ఉంది. తెర కింద ఆయన బూట్లున్నాయి. పలకరిస్తే ఒప్పందం తానే తప్పినట్టవుతుందని పలకరించలేదు. బండి తీసింది.

సెలూన్లో మెడకు తెల్ల గుడ్డ చుట్టించుకుని, మొహం నిండా నురగతో కూర్చున్న ఉస్తాదు, ఎదుటి అద్దంలో ఒక లారీ కదలడం చూశాడు. క్లచ్చు ఎంత మెత్తగా వదిలాడో అని మెచ్చుకున్నాడు కూడా. తర్వాత తెలిసింది, ఆ లారీ తనదేనని. ఒక్క ఉదుటున లేచాడు. గడ్డం గీస్తున్నవాడి కత్తికి అడ్డం పడటంతో సగం మీసం అక్కడికక్కడే పోయింది.

"ఒసే! ఆపవే!" అని రోడ్డు మీద పడి అరిచాడు. వినడానికి అక్కడ దుమ్మే మిగిలింది.

ఇక్కడ కొండ మీద ఆమె మొదటి మలుపు వెన్నలా తిప్పింది. తెర వైపు చెవి వేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండోది ఇంకా బాగా తిప్పింది.

"చూశారా?"

జవాబు లేదు.

"బాగుంటే బాగుందనడానికి కూడా ఒట్టు అడ్డమొచ్చిందా?"

మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. ఆ అర్ధంతో ఆమెకు తృప్తి కలగలేదు. తప్పు పట్టడానికైతే నిద్రలో కూడా లేచే మనిషి, మెచ్చుకోవాల్సి వచ్చేసరికి ఎంత నిష్ఠ!

ఇంతలో ఆమె ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు. బండి నడుపుతూ ఫోను ఎత్తకూడదని నేర్పింది ఉస్తాదే కనుక ఎత్తలేదు. అది ఆగగానే తెర వెనక ఆయన ఫోను మొదలెట్టింది. పాపం, సెలూనువాడి ఫోనులోంచి ఆయన తన ఫోనుకే చేసుకుంటున్నాడు.

"మీ ఫోనండీ."

మోగుతూనే ఉంది.

"ఎత్తండీ! ఓహో, నోరు విప్పకూడదని ఫోను కూడా ఎత్తరన్న మాట! ఎంత పంతం! ఇంత పంతం ఇల్లు ఊడ్చేటప్పుడు చూపించారా ఎప్పుడైనా?"

అక్కడినుంచి ఆమె పాత లెక్కలన్నీ తీసింది. తమ్ముడి పెళ్ళిలో నలుగురి ముందూ "మా ఆవిడకు సైకిలు కూడా రాదు" అని నవ్విన సంగతి తీసింది. ఆయన వాళ్ళ అక్కయ్యకు ఈవిడ చీర ఇచ్చేసిన సంగతి తీసింది. ఇన్నేళ్ళ కాపురంలో మధ్యలో అడ్డురాకుండా ఆయన వినడం ఇదే మొదటిసారి. మనసు కొంచెం కరిగి, ఒక అరటిపండు తీసి తల వెనక్కి తిప్పకుండానే తెర మీదుగా విసిరింది. అది పడిన చప్పుడు వినపడింది. థ్యాంక్స్ మాత్రం వినపడలేదు. కరిగిన మనసు మళ్ళీ గడ్డకట్టింది.

దిగుడు మొదలయ్యేసరికి వెనకనుంచి ఒక నీలం లారీ హారను మోత మొదలెట్టింది. అద్దంలో చూసింది. దాని కిటికీలోంచి నడుము దాకా బయటికొచ్చి ఎవడో చేతులూపుతున్నాడు. మెడలో తెల్ల గుడ్డ జెండాలా ఎగురుతోంది. మొహం సగం సున్నం కొట్టినట్టుంది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమండీ! ఆడది నడుపుతోందని చూసి ఎవడో వెంటపడ్డాడు! కిటికీకి ఓ పిచ్చివాణ్ణి వేలాడదీసుకుని మరీ వస్తున్నాడు! లేచి ఒక్క అరుపు అరవండి, చాలు!"

తెర కదలలేదు.

"కట్టుకున్న పెళ్ళాన్ని ఎవడో తరుముతున్నా మీకు మీ ఒట్టే ముఖ్యమా? పడుకోండి! హాయిగా పడుకోండి! నా సంగతి నేను చూసుకుంటా!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చేతులు మాత్రం తిరగాల్సిన వైపే తిరిగాయి. వాడు హారను కొట్టేకొద్దీ ఆమె రోడ్డు మీది గీత లోపలే ఇంకా నిదానంగా దిగింది. దారి ఇవ్వలేదు. అలా కొండంతా దిగి, టోల్ గేటు దగ్గర ఆపి, సూపర్వైజరు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఆ నీలం లారీవాళ్ళను పట్టుకోండి! దారంతా నా వెంటపడ్డారు!"

నీలం లారీ ఆగీ ఆగకముందే తెల్ల గుడ్డవాడు దూకి వచ్చాడు. "ఏమే! నీకు కళ్ళా, కాకరకాయలా?"

"చూశారా సార్, పరాయి ఆడదాన్ని పట్టుకుని ఏమే అంటున్నాడు! ఒరే, మా ఆయన లోపల పడుకున్నాడు. లేచాడంటే నీ ఎముకలు ఏరుకోవాలి!"

"లేవడే! నీ మొగుణ్ణి నేనే!"

"ఛీ, నోర్ముయ్!"

సూపర్వైజరు ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టాడు. "అమ్మా, ముందు లోపలున్న మీ ఆయన్ని లేపండి. ఆయనొస్తే తేలిపోతుంది."

ఆమె విసవిసా లారీ ఎక్కి తెర లాగింది. దుప్పటి ఉంది. దిండుంది. ఫోనుంది. అరటిపండుంది. కిందికి దిగి, ఆ మనిషి మొహాన్ని ఒక పక్కనుంచి చూసింది. మిగిలిన సగం మీసాన్ని బట్టి పోల్చుకుంది.

"మరి ఇందాకట్నుంచీ నేనెవరితో మాట్లాడానండీ?"

"నాకేం తెలుసు? ఏం మాట్లాడావు?"

"ఏం లేదు," అంది చప్పున.

సూపర్వైజరుకు ఇంకా నమ్మకం కుదరలేదు. లారీ తలుపు మీద రాసున్న నంబరు చూసి ఓనరుకే ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. ఆమె కళ్ళ ముందు బిల్లుల బల్ల కదిలింది.

అంతా విని ఓనరు అడిగిన మొదటి మాట, "సీసాలో?"

"ఒక్కటీ పగల్లేదండీ," అంది.

నీలం లారీ నడిపిన పెద్దాయన కల్పించుకున్నాడు. "వెనకే వచ్చాను సార్. నాకు దారివ్వలేదు గానీ, గీత మాత్రం దాటలేదు. ఆ దిగుడు అంత నిదానంగా దిగడం నాకే చేతకాదు."

"అంటే కొండ దారంతా ఆవిడ ఒక్కతే నడిపిందా? మరి ఉస్తాదు ఎందుకు దిగినట్టు?"

అందరూ ఉస్తాదు వైపు తిరిగారు. గడ్డం కోసం చెప్పకుండా లోడు బండి దిగానంటే ఆయన పరువు పోతుంది. వదిలేసి వెళ్ళిందంటే ఆవిడ బండి పోతుంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"ఆగాగు, అర్థమైంది!" అని ఫోను ఫెళ్ళున నవ్వింది. "పరీక్ష పెట్టడానికి కావాలనే దిగిపోయావు కదూ? అబ్బ, ఏం బుర్రయ్యా నీది!"

ఉస్తాదు ఒకసారి భార్యను చూశాడు, ఒకసారి చెక్కు చెదరని సీసాల లోడును చూశాడు. "ఆ... అవునండీ. పరీక్షే."

"ఎలా నడిపింది మరి?"

ఉస్తాదు మిగిలిన సగం మీసం తడుముకున్నాడు. "ఒంటరిగా నడపగలదండీ."

"ఇంకేం, బండి ఆవిడదే! శభాష్ ఉస్తాదూ! గురువంటే నువ్వేనయ్యా!"

సూపర్వైజరు వచ్చి ఉస్తాదు భుజం తట్టాడు. నీలం లారీ పెద్దాయన చెయ్యి కలిపాడు. ఆమె మాత్రం నోరు తెరిచింది, మూసింది. కొండ ఎక్కింది ఎవరు, దిగింది ఎవరు, శభాష్ ఎవరికి? అడుగుదామంటే వచ్చిన బండి పోతుంది. కక్కలేక మింగలేక వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, హారను మాత్రం గట్టిగా కొట్టింది.

ఇప్పుడు ఆ కంపెనీలో అదే పద్ధతి: కొత్తవాళ్ళ చేత కొండెక్కించే ముందు, నేర్పేవాణ్ణి దించేస్తారు.