సద్యోలిప్త బెంచీ

ఆ ఉదయం టైపిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి తనిఖీకి వచ్చే డైరెక్టరు చేతికి తన బదిలీ అర్జీని స్వయంగా ఇవ్వాలి, అంతే. భర్త, బిడ్డ ఒక ఊళ్లో, తానొక ఊళ్లో ఉండబట్టి మూడేళ్లయింది. అర్జీ పెట్టిన ప్రతిసారీ సూపరింటెండెంటు "చూద్దాంలేమ్మా" అని సొరుగులో పడేసేవాడు. ఆయన చేతిరాత చదవగలిగింది ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే మరి.

తొమ్మిదిన్నరకు పెయింటరు వరండాలోని బెంచీకి పచ్చరంగు వేయడం ముగించి, "మేడమ్, సాయంత్రం దాకా ఆరదు. ఏదన్నా కాగితం అంటించండి" అని వెళ్లిపోయాడు. ఆమె "రంగు తడి. కూర్చోవద్దు" అని రాసింది. అంటించి ఊరుకుంటే సరిపోయేది. కానీ సూపరింటెండెంటు సంతకం లేనిదే ఆ గోడల మీదికి కాగితం ఎక్కదు.

ఆయన కాగితాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "తడి ఏమిటమ్మా, తడి! డైరెక్టరు గారొచ్చే రోజున! మనది ఆఫీసా, బట్టలుతికే రేవా?"

"రంగు తడి"ని కొట్టేసి "సద్యోలిప్తము" అని రాశాడు. అప్పుడే పూసినది అని దాని అర్థమట. పెద్దలను ఆజ్ఞాపించడం అమర్యాద అంటూ "కూర్చోవద్దు"ను కూడా కొట్టేశాడు.

రికార్డు గది గుమాస్తా అప్పుడే లోపలికొచ్చాడు. పని తప్ప దేని మీదైనా గంటసేపు మాట్లాడగల మనిషి. "లిప్తం గోడకైతే నప్పుతుంది సార్. బెంచీకి ఎబ్బెట్టుగా లేదూ?"

"బెంచీ ఏం పాపం చేసిందయ్యా?"

"పూత చిక్కగా ఉంటేనే లిప్తం సార్. ఇది నీళ్ల పెయింటు."

నిఘంటువు తెప్పించారు. "స" అక్షరం ఉన్న పుటలను చెదలు తినేశాయి. దాంతో ఇద్దరికీ ధైర్యం పెరిగింది. టైపిస్టు వరండాలో కాపలాకు పరిగెత్తడం, "అమ్మా, ఇంకోసారి టైపు చెయ్యి" అని ఆయన వెనక్కి పిలవడం నాలుగుసార్లు జరిగింది. ఆ మధ్యలో పని మీద వచ్చిన ముగ్గురు బెంచీ మీద కూర్చుని, వెనక పచ్చచారలతో ఇంటికి పోయారు.

పది యాభైకి సద్యోలిప్తమే గెలిచింది. సూపరింటెండెంటు మాట ఆ ఆఫీసులో ఓడిన దాఖలా లేదు.

"సార్, కింద చిన్న అక్షరాల్లో తడి అని కూడా..."

"అర్థం చెప్పేశాక ఆ మాటకింక గౌరవమేం ఉంటుందమ్మా?"

డైరెక్టరు తెల్ల ప్యాంటులో మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. బెంచీ పైన అంటించిన కాగితం చదివాడు, తలూపాడు, కూర్చున్నాడు. సూపరింటెండెంటు గబగబా ఎదురొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిలబడ్డారేం? మీరూ కూర్చోండి."

పైఅధికారి కూర్చోమంటే నిలబడే అలవాటు ఆయనకు లేదు. తెలిసి తెలిసీ కూర్చున్నాడు.

పది నిమిషాల తర్వాత లేవబోతే బెంచీ వదల్లేదు. చర్రున లేచి వెనక్కి తడుముకున్న డైరెక్టరు అరిచేయి పచ్చగా ఉంది. "తడి అని కాగితం పెట్టాలని తెలీదా మీకు?"

"పెట్టాం సార్... అదే."

"ఇదా! బెంచీ ఇచ్చిన దాత పేరనుకున్నానయ్యా! సద్యోలిప్తం గారు ఎవరో మంచివారని మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఎవరు రాశారిది?"

ఆ మాట తనదేనని గంటకుపైగా పోట్లాడిన సూపరింటెండెంటు క్షణం కూడా తడుముకోలేదు. "మా టైపిస్టండి."

టైపిస్టు చేతిలోని అర్జీ నలిగిపోయింది.

"ఈమెను ఇవాళే ఇక్కణ్ణించి పంపించెయ్యండి! ఖాళీ ఎక్కడుంది?"

"ఒక్కచోటే ఉంది సార్" అంటూ గుమాస్తా ఆమె భర్త ఉన్న ఊరి పేరు చెప్పాడు. ఉద్యోగంలో చేరాక అతడి నోట వచ్చిన మొదటి పనికొచ్చే మాట అది.

"సార్, ఆవిడ లేకపోతే నా రాత..."

"మీరు నోరు మూసుకోండి!"

బదిలీ ఉత్తర్వును ఆమే మూడు ముక్కల్లో టైపు చేసింది. సూపరింటెండెంటు అందులో ఏ మాట గురించీ చర్చ పెట్టకుండా, నిలబడే సంతకం చేశాడు.