పొగ సున్నా

డీజిల్ ఇంజను వదిలే పొగకు రంగును బట్టి అధికార పరిధి ఉంటుందనీ, నల్లపొగ ఒకరిదనీ, బూడిదపొగ ఇంకొకరిదనీ, పొగ వదులుతూ మధ్యలో ఆగిపోయే ఇంజను ఎవరిదీ కాదనీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రజలకు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. నేను చదివింది తొమ్మిదో తరగతి. ఇది పదో తరగతి పాఠమేమో తెలియదు.

మా ఆయన మహేష్ పెద్దముడియం, జమ్మలమడుగు మధ్య డీజిల్ ఆటో తోలుతాడు. మా ఆరేండ్ల నాగశ్రీ అందులోనే బడికి పోతుంది. పాపకు ఆయాసం. పొగకూ దుమ్ముకూ దూరంగా ఉంచమని ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. (దూరంగా అంటే ఏ ఊళ్లోనో చెప్పలేదు.) మా దారిలో నాపరాతి బండల పాలిష్ ఫ్యాక్టరీల పొడి గాలి కంటే ఎక్కువ. అందుకని పాత చీర చించి, నాలుగు మడతలేసి, పాప ముక్కుకూ నోటికీ గట్టిగా కట్టి పంపుతున్నాను.

ఇట్లా ఉండగా పది రోజుల కింద ఆటోకు జబ్బు చేసింది. మిట్ట కనపడితే నల్లగా పొగ కక్కడం, రెండుసార్లు వణకడం, ఆగిపోవడం. గురువారం పాపను డాక్టరమ్మకు చూపించాలి. అంటే పొగకు దూరంగా ఉందా లేదా అని చూపించడానికి పాపను పొగలో తీసుకుపోవాలి.

మొదటి అంచెలో జమ్మలమడుగు కోదండపాణి మామను ఆశ్రయించాము. ఆయన ఇంజను హెడ్డుకు నిపుణుడు. పొగను కాసేపు చూసి, గొట్టంలో వేలు పెట్టి, వేలు వాసన చూశాడు.

"హెడ్డు పోయింది మహేషా."

"ఇప్పి చూడకుండానే ఎట్ల చెప్తాండావు మామా?"

"ముప్పై ఏండ్ల నుంచి ఇప్పుతాండా. ఇప్పిన హెడ్డు ఒక్కటన్నా బాగుండింది లేదు."

రెండో అభిప్రాయం కోసం ప్రొద్దుటూరు పోయాము. అక్కడ అబ్దుల్ వాహిద్ అన్న డీజిల్ పంపు నిపుణుడు.

"హెడ్డుకేం కాలేదు, రాయి మాదిరుంది. పంపు పోయింది" అన్నాడు.

"అన్నా, పాపకు పొగ పడదు. బండి ఆగిపోతాంది కూడా" అన్నాను.

"పొగ నా సైడు తల్లీ. ఆగిపోయేది కోదండపాణి సైడు. ఒకరి సైడులో ఒకరు చెయ్యి పెట్టకూడదు. మర్యాదగా ఉండదు."

మర్యాదగానే పంపు విప్పారు, మర్యాదగానే బిగించారు. పొగ తగ్గలేదు. అది కొత్త పొగ కాదనీ, లోపల మిగిలిపోయిన పాత పొగ అనీ, నాలుగు దినాల్లో అయిపోతుందనీ వాహిద్ అన్న వివరించాడు.

మూడో అంచె పులివెందుల. అక్కడ ట్రాక్టర్లు బాగుచేసే షరీఫ్ మా ఆయన స్నేహితుడు. వాట్సాప్‌లో వీడియో పంపాము. జవాబుగా వాయిస్ మెసేజ్ వచ్చింది: "పొగ బూడిద రంగులో ఉందిరా. బూడిద రంగు నేను చూడను. మంచి ఫోన్‌తో తియ్యి." పక్కింటివాళ్ల మంచి ఫోన్‌తో తీశాము. ఈసారి పొగ బాగానే వచ్చింది, ఆటోనే కనపడలేదు.

రోగం తేలకపోయినా కాగితం ఉంటే దారిలో ఎవరూ ఆపరని, బుధవారం మా ఆయన పొగ పరీక్ష వ్యాను దగ్గరికి పోయాడు. అక్కడి పొగ నిర్ధారణాధికారి గొట్టంలో కడ్డీ పెట్టి "రేజ్ చెయ్యప్పా" అన్నాడు. రేజ్ చేయగానే ఆటో ఆగిపోయింది. మిషన్ ఒకసారి ఆలోచించుకుని, పొగ సున్నా అని అచ్చేసింది.

"సార్, బండి ఆగిపోయింది" అన్నాడు మా ఆయన. (అబద్ధం చెప్పడం చేతకాక ఆటో తోలుకుంటున్న మనిషి.)

"ఆగిపోయిన బండి పొగ వదుల్తుందా? వదలదు గదా! అదే రాసినా."

ఆరు నెలలకు సర్టిఫికెట్ ఇచ్చారు.

గురువారం సున్నా పొగలోనే ప్రొద్దుటూరు చేరాము. దారిలో ఏడుసార్లు ఆగాము. పాప దగ్గిన లెక్క నేను పెట్టుకోలేదు, భయమేసి. డాక్టరమ్మ పాపను చూడగానే నా మీద లేచింది.

"ఏందమ్మా ఇది? నాలుగు మడతలు ఇంత బిగించి కడితే ఊపిరి యాడ ఆడుతుంది? గాలి లోపలికి పోనీమ్మా ముందు!"

ఆమె గుడ్డ విప్పింది. అప్పుడు నాకు ఆ చీరలో మిగిలిన సగం యాడుందో గుర్తొచ్చింది.

పది రోజుల కింద ఆటో కడుగుతూ చూశాను. ఇంజను పక్కన ఒక గొట్టం, మూతి తెరుచుకుని గాలితోపాటు దుమ్మంతా పీలుస్తోంది. పాపం అనిపించింది. నాలుగు మడతలు వేసి, రబ్బరు బిగించి, గట్టిగా కట్టాను.

ఆసుపత్రి బయట మా ఆయనకు చెప్పాను. ఆయన వంగి గుడ్డ లాగాడు, పిడికెడు బండల పొడి రాలింది. తాళం తిప్పితే ఆటో పొగ లేకుండా, ఏమీ ఎరగనట్టు పలికింది. ఊరు దాటినాక ఒక్క మాట అడిగాడు.

"ఇంక దేనికన్నా కట్టినావా?"

జరిగింది నిపుణులకు తెలియజేశాము. వాహిద్ అన్న తన నిర్ధారణలో తప్పు లేదన్నాడు, గుడ్డ పంపుకు కట్టలేదు కాబట్టి. కోదండపాణి మామ మాత్రం ఉన్నమాట చెప్పాడు: "గాలి సైడు ఈ చుట్టుపక్కల ఎవరూ చూడరమ్మే."

ఇప్పుడు మా ఆటో పొగ వదలడం లేదు. పాప ముక్కుకు గుడ్డ మాత్రం, ఒకే మడతలో, వదులుగా, కడుతూనే ఉన్నాను. మా ముందు పోయే బండ్లన్నిటికీ సర్టిఫికెట్లు ఉన్నాయి.